చప్పుడు లేని చదువు

బుచ్చిరాములుకు చైనా భాష వచ్చునా, రాదా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. యూనివర్సిటీలో అడిగారు, అతని ఫ్యాక్టరీలో అడిగారు, ఒకరోజు మా ఆవిడ అన్నపూర్ణమ్మ పప్పుకు తాలింపు వేస్తూ అడిగింది. "తీసుకెళ్లింది మీరేగా. మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?" అంది. నిజమే. కాని వచ్చు అనుకుని నాలుగడుగులు వేసేసరికి రాదేమో అనిపిస్తుంది. రాదని తేల్చుకుని ఊరుకుందామంటే, ఆ మనిషి వేలు పెట్టి గడగడా చదివిన పేజీలు కళ్ల ముందుకొస్తాయి. నాకు అరవై తొమ్మిదేళ్లు. అందులో నలభై ఏళ్లు పుస్తకాల మధ్యే గడిచాయి. చదవడమంటే ఏమిటో నాకు తెలుసుననే అనుకున్నాను.

మాది చీరాల దగ్గర. ఉద్యోగం కోసం వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకుని ముప్పై ఎనిమిదేళ్లయింది. ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక, బోడుప్పల్ దాటాక వరంగల్ హైవే పక్కన కొత్తగా లేచిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో వారానికి మూడు రోజులు పుస్తకాలు సర్దే పనికి ఒప్పుకున్నాను. నేను చేరిన ఏడాదే అక్కడ చైనా అధ్యయన కేంద్రం మొదలైంది.

దాని పేరు ముందు 'బహుశాస్త్ర' అని ఒక మాట తగిలించారు. అంటే చైనా ఒక్క శాఖ చేతిలో ఉండదన్నమాట. భాష నేర్పేవారు, చరిత్ర చెప్పేవారు, ఇంజనీరింగువారు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. బల్ల కూడా గుండ్రంగా చేయించారు. ఏ నిర్ణయానికైనా మూడు శాఖలూ ఒప్పుకుని సంతకం పెట్టాలని నియమం. మంచి నియమమే. కాని మొదటి ఆరునెలల్లో ఆ బల్ల మీద పూర్తిగా తెగిన సంగతి ఒక్కటే, టీలో చక్కెర విడిగా ఇవ్వాలన్నది.

నా తికమక నాకుంది. చైనా యంత్రాల మాన్యువల్ ఒకటి వస్తుంది. దాన్ని భాషల వరసలో 495 కింద పెట్టాలా, ప్లాస్టిక్ పరిశ్రమ వరసలో 668 కింద పెట్టాలా? కేంద్రం అధిపతి రాజశ్రీ గారిని అడిగాను. ఆవిడ చరిత్ర మనిషి. మోటుపల్లి రేవులో దొరికిన చీనా పింగాణీ పెంకుల మీద ఇరవయ్యేళ్లు పనిచేశారు.

"రెండిట్లోనూ పెట్టలేమా గోపాలరావు గారూ?"

"పుస్తకం ఒకటేనమ్మా."

"అయితే ప్రస్తుతానికి ట్రాలీ మీద ఉంచండి" అన్నారు.

ట్రాలీ మీదే ఉంచాను. అలా ట్రాలీలు మూడయ్యాయి.

ఆ మాన్యువళ్లు చాలావరకు నేనే ఏరుకొచ్చినవి. నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో ఒక పాత కాగితాల దుకాణం ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల చెత్తంతా అక్కడికే వస్తుంది. ఆదివారం పొద్దున పాత పుస్తకాల కోసం అక్కడ గుట్టలు తిరగేయడం నాకు ఎప్పటినుంచో ఉన్న వ్యసనం. ఒక ఆదివారం నా గుట్టకు అవతలివైపు ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై ఆరు, నలభై ఏడేళ్లుంటాయి. చేతుల మీద పాత కాలిన మచ్చలు. మోకాళ్ల మీద నూనె మరకలు పడ్డ ఒక చైనా మాన్యువల్ తెరిచి, అక్షరం వెంబడి వేలు జరుపుతూ, మనం పేపరు చదువుకున్నట్టు పైకి చదువుతున్నాడు. తెలుగులో.

"నూనె వేడి హద్దు దాటితే సల్లార్చే నీళ్లు జూడుండ్రి. నీళ్ల తొవ్వ మూసుకుంటే జాలి తీసి కడుగుండ్రి. మిషను నడుస్తుండంగ చెయ్యి వెట్టకుండ్రి."

నేను వంగి చూశాను. పేజీలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు.

"ఇది మీరు చదువుతున్నారా?" అన్నాను.

"మరి సూస్తున్ననుకున్నరా?" అని నవ్వాడు. "మా దగ్గరున్న మిషనే సార్ ఇది. పుస్తకం పారేసిన్రు ఎవలో. గిసొంటియి పారేస్తరా చెప్పుండ్రి?"

అలా బుచ్చిరాములు పరిచయమయ్యాడు. జనగామ దగ్గర ఊరు. పద్దెనిమిదో ఏట పనికోసం వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో మందుసీసాలకు ప్లాస్టిక్ మూతలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, ఫిట్టరయ్యాడు. భార్య సారలమ్మ అక్కడే ఒక బడిలో వంట చేస్తుంది. పదో తరగతి తప్పాడు. ఇంగ్లీషు బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు. చైనా రాత మాత్రం తెలుగుకన్నా వేగంగా చదువుతాడు.

ఎలా వచ్చిందంటే, పదిహేనేళ్ల కిందట వాళ్ల సేఠు చైనా నుంచి మొదటి మిషను తెప్పించాడు. దానితోపాటు ఒక ఇంజనీరు వచ్చి నలభై రోజులు ఉన్నాడు. ఆయనకు మన భాష రాదు, వీళ్లకు ఆయనది రాదు. వచ్చినా ప్రయోజనం లేదు.

"షెడ్డుల మోత ఎట్లుంటదో ఎర్కేనా సార్? పక్కన నిలవడి ఒర్లినా ఇనవడది. గాయన మీట మీది బొమ్మ సూపెట్టేది, చేత్తోని పని జేసి సూపెట్టేది. నేను డబ్బా అట్ట చింపి, బొమ్మ దించుకుని ఎనక దిక్కు తెలుగుల రాస్కునేది. గట్ల నలభై దినాలు. ఆయన పేరేందో గూడ నాకు సక్కగ ఇనవడలే."

ఇనుపపెట్టె నిండా ఆ అట్టముక్కలున్నాయి. తరవాత మిషన్లు నాలుగయ్యాయి, మాన్యువళ్లు లావయ్యాయి. కరోనా నాటినుంచి చైనా ఇంజనీర్లు రావడం ఆగిపోయింది. మిషను ఆగితే వాళ్లు ఫోనులో రాసి పంపేవారు, ఇతను చదివి బాగుచేసేవాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు కూడా "చైనా రాములన్నను పిలువుండ్రి" అని కబురు పెట్టేవారు. ఇంతలోనూ ఒక్క అక్షరాన్ని చైనావాళ్లు ఎలా పలుకుతారో అతను వినలేదు. వినాలన్న ఆలోచనే రాలేదు.

"గిది సూడుండ్రి" అని నాకొక అక్షరం చూపించాడు. "ఈ పక్క మూడు సుక్కలు. మూడు సుక్కలున్నయంటే తడి ముచ్చట. గీ దిక్కు రేకుల కప్పు, దాని కింద వాన. అంటే ఏంది?"

"ఇల్లు కురుస్తోందా?"

"గంతే! లీకు! సార్, మీకు గూడ ఒస్తది పో."

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ నేను పొంగిపోయాను. ఇన్నాళ్లూ మూడు ట్రాలీల నిండా పేర్చుకున్నవన్నీ చదవగల మనిషి మా ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్నాడు. సోమవారమే రాజశ్రీ గారికి చెప్పాను.

కేంద్రంలో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. సాంకేతిక పాఠాలు చదివించే బోధకుడు కావాలి. ఇంజనీరింగు పిల్లలకు చైనా మాన్యువళ్లు చదవడం నేర్పాలి. డిగ్రీ తప్పనిసరి కాదు, మూడు శాఖలూ ఒప్పుకుంటే చాలు. బుచ్చిరాములును పిలిపించారు. తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు గది బయట విడిచి, గుండ్రటి బల్ల దగ్గర కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

భాషాశాఖలో హృషికేశ్ అని ముప్పై ఏళ్ల అబ్బాయి. బీజింగులో రెండేళ్లు చదివాడు, మనసున్నవాడు. ఒక అక్షరం రాసి చూపించాడు.

"ఇదేంటి సార్?"

"నూనె."

"దీన్ని ఎలా పలుకుతారు?"

"నూనె."

"మనం కాదు, చైనావాళ్లు."

"నూనెను ఆళ్లేమంటరో నాకేమెర్క సార్. ఆళ్లెన్నడు నాతోని మాట్లాడలే."

ఇంజనీరింగు శాఖ విజయభాస్కర్ గారు గట్టిగా నవ్వారు. హృషికేశ్ నవ్వలేదు. ఇంకో రెండక్షరాలు రాశాడు. "ఇక్కడ మొదటిది చిన్న. రెండోది గుండె. రెండూ కలిపితే?"

"పైలం" అన్నాడు బుచ్చిరాములు తడుముకోకుండా. "తలుపు మీద ఉంటది గది. గుండె గిండె కాదు సార్. పైలంగ ఉండుమంటడు."

హృషికేశ్ కలం కింద పెట్టాడు. తరవాత రాజశ్రీ గారి వైపు తిరిగి, "జాగ్రత్త అనే. అర్థం నూటికి నూరుపాళ్లు కరెక్టు మేడమ్. కాని ఇది భాషని నేనెలా సంతకం పెట్టను? రోడ్డు మీద బోర్డులు గుర్తుపట్టడంలాంటిది" అన్నాడు.

"మా పిల్లలకు కావలసింది బోర్డులు గుర్తుపట్టడమేనయ్యా" అన్నారు విజయభాస్కర్. "నీ క్లాసులో ఏడాది చదివినవాడు నమస్కారం చెబుతాడు. మిషను ఆగితే నమస్కారం పెట్టి ఊరుకుంటాడా?"

"ఒకప్పుడు కొరియావాళ్లు, జపానువాళ్లు చైనా గ్రంథాల్ని ఇలాగే తమ భాషలోకి తిప్పుకుంటూ చదివారు. ఇది చాలా పాత పద్ధతి" అన్నారు రాజశ్రీ గారు.

"వాళ్లు ఉచ్చారణ కూడా నేర్చుకున్నారు మేడమ్."

ముగ్గురూ మాట్లాడుతుంటే నాకు ముగ్గురిదీ నిజమే అనిపించింది. దరఖాస్తులో 'భాషా స్థాయి' కింద నాలుగు గడులున్నాయి. వినడం సున్నా. మాట్లాడడం సున్నా. రాయడం అంటే అచ్చుగుద్దినట్టు దించుతాడు. చదవడం దగ్గర ఏం వెయ్యాలో తెలియక ఖాళీగా వదిలేశారు. హృషికేశ్ విడిగా కూర్చుని పరీక్షించాడు. బుచ్చిరాములు వెయ్యికి పైగా అక్షరాలు గుర్తుపట్టాడు. నడుమ వచ్చే చిన్నచిన్న అవ్యయాల్ని మాత్రం దాటేస్తాడు. "అవ్వి కూరల ఉప్పసొంటియి సార్. కంటికి అవుపడకున్నా కూర కూరనే" అంటాడు.

నిర్ణయం వాయిదా పడింది. అతనికి మాత్రం వాయిదా వేసుకునే వీలు లేదు. ఫ్యాక్టరీని ఊరి బయటికి, బీబీనగర్ అవతలికి మారుస్తున్నారు. అక్కడ కొత్త షెడ్డు లేచింది. వచ్చేవాళ్లు అక్టోబరు ఆఖరి శనివారం సాయంత్రంలోపు వచ్చి పేరు రాయించుకోవాలని, లేకపోతే అక్కడివాళ్లనే పెట్టుకుంటానని సేఠు చెప్పాడు. అప్పటికింకా మూడు నెలల గడువుంది.

"పోతే పోవచ్చు సార్. పని పనే" అన్నాడు ఒక సాయంత్రం మా వరండాలో కూర్చుని. "గని మీ లైబ్రరీల ఒక్కసారి కూసున్న జూడుండ్రి, కాలి సప్పుడు గూడ ఇనవడ్డది. పిలగాండ్లు అడుగుతున్నరు, గిదేంది గదేంది అని. నేను జెప్తే ఇంటున్రు. పాతికేండ్లల్ల నేను జెప్పింది ఎవలికన్న ఇనవడిందా, ఆ మోతల? గా కొలువు ఒస్తే మంచిగుండు."

అంతకుముందు ఎప్పుడూ అతను ఏదీ కావాలని అనగా నేను వినలేదు.

అప్పుడు నేను చేసిన పని గురించి చెప్పాలి. ఎవరూ నన్ను అడగలేదు, నా అంతట నేనే చేశాను. హృషికేశ్ దగ్గరికి వెళ్లి, "మూడు నెలలు మీ మొదటి ఏడాది క్లాసులో కూర్చోబెడితే ఉచ్చారణ వస్తుంది కదా? అప్పుడు మీకు సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉండదుగా?" అని అడిగాను. అతను ఆలోచించి, "అర్థం ఇప్పటికే ఉంది కాబట్టి ఆయనకు తొందరగానే రావాలి సార్" అన్నాడు. నాకూ అలాగే తోచింది. అక్షరం ఉంది, అర్థం ఉంది, మధ్యలో శబ్దం ఒక్కటే తక్కువ. అల్మారాలో రెండు పుస్తకాల మధ్య ఖాళీ కనిపిస్తే ఆ మూడోదాన్ని తెచ్చి అందులో పెట్టడం నలభై ఏళ్లుగా నేను చేసిన పని. మనిషి విషయంలోనూ అంతే అనుకున్నాను.

బుచ్చిరాములు రాత్రి షిఫ్టుకు మార్పించుకుని పగలు క్లాసుకు వచ్చాడు. ఆఖరి బెంచీ. పద్దెనిమిదేళ్ల పిల్లలు "అంకుల్, ఇది చెప్పండి" అంటూ అతని అట్టముక్కల కోసం చుట్టూ మూగేవారు. హృషికేశ్ స్వరాలు మొదలుపెట్టాడు. చైనా భాషలో ఒకే శబ్దాన్ని నాలుగు రకాలుగా సాగదీసి పలికితే నాలుగు అర్థాలట.

పది రోజులయ్యాక సారలమ్మ మా ఇంటికొచ్చింది, చేటెడు చిక్కుడుకాయలు పట్టుకుని. మా ఆవిడతో చెబుతోంది:

"ఏం జేసిన్రో ఏమో అమ్మా మీ సారు! మా ఆయన ఇంట్ల కూసుంటే 'మా', నిలవడితే 'మా'. ఒకపారి సాగదీస్తడు, ఒకపారి తెంపుతడు. అచ్చం మేకపిల్ల తీర్గ! పక్కింటోళ్లు అడుగుతున్రు, మేకను గిట్ల తెచ్చిన్రా అని."

"మీ ఆయన మేక, మా ఆయన పుస్తకాల పురుగు. మనం మనుషులతో ఎప్పుడు కాపురం చేస్తామే?" అంది అన్నపూర్ణమ్మ.

ఇద్దరూ పగలబడి నవ్వారు. లోపల గదిలోంచి నేనూ నవ్వాను. పెళ్లయిన ఇరవై ఏళ్లకు మొదటిసారి ఆ మనిషి నోట్లోంచి పాఠం పైకి వినబడుతోందని సారలమ్మకు లోలోపల గర్వంగానే ఉందని తెలుస్తోంది.

సెప్టెంబరు మధ్యలో నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ట్రాలీ మీది ఒక మాన్యువల్ తీసి, ఇది దేని గురించో చెప్పు రాములూ, వరస తేల్చుకుంటాను అన్నాను. అప్పటికి 'మీరు' నుంచి 'నువ్వు'కు వచ్చాం, అతనే పోరగా పోరగా. అతను వేలు పెట్టాడు. వేలు కదల్లేదు. పెదవులు కదులుతున్నాయి. ఏదో పలికాడు, స్వరం మార్చి మళ్లీ పలికాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏమైంది?"

"ఏం లేదు సార్. సప్పుడు ముంగటొస్తున్నది. సప్పుడు సక్కగొచ్చిందాంక అడ్డం నిలవడ్తున్నది."

"అలవాటవుతుంది" అన్నాను.

అక్టోబరు మొదట్లో ఇంకోసారి చెప్పాడు. షిఫ్టులో మిషను మీద ఎర్రదీపం వెలిగింది. తెర మీద నాలుగక్షరాలు పడ్డాయి. ఎన్నో వందలసార్లు చూసినవే. చూడగానే చెయ్యి దానంతటదే కవాటం మీదికి పోవాలి. ఆ రోజు తెర ముందు నిలబడి, నాలుగింటినీ మనసులో పలుకుతూ ఉండిపోయాడు. మూడోదాని స్వరం పైకా కిందికా తేలలేదు. ఈలోగా పక్క మిషను బాలరాజు పరిగెత్తుకొచ్చి మీట కట్టేశాడు.

"'నిలవడి నిద్రవోతున్నవా రాములన్నా?' అన్నడు. గాడు నా దగ్గర పని నేర్సుకున్నోడు సార్." తరవాత, "క్లాసు బంద్ జేస్తే పాతది మళ్లొస్తదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు కూడా నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి ఉండవలసింది. "ఇంత దూరం వచ్చాక మానేస్తే ఎలా? మూడు వారాలేగా. హృషికేశ్ సంతకం ఒక్కటి పడితే చాలు" అన్నాను. చదువు ఎక్కువైతే మనిషికి నష్టమని నేనెక్కడా చదవలేదు. అతను సరేనన్నట్టు తలూపాడు. నేను సారును కదా.

ఇదే సమయంలో బల్ల దగ్గర గాలి మారింది. నాకు అంతా అయ్యాకే తెలిసింది. రాజశ్రీ గారు నెల రోజులు కూర్చుని ఒక పత్రం రాశారు. శబ్దం లేకుండా, తన భాషలో నేరుగా అర్థం చదివే ఈ పద్ధతే మన కేంద్రం ప్రత్యేకత కావాలని, దేశంలో ఇంకెక్కడా ఇలా నేర్పడం లేదని, బహుశాస్త్రమంటే ఇదేనని. విజయభాస్కర్ ఎగిరి గంతేశారు. ఆశ్చర్యం, హృషికేశ్ కూడా మెత్తబడ్డాడు. "క్లాసులో పిల్లలకు ఆయన అట్టల వల్లే ఎక్కువ గుర్తుంటోంది మేడమ్. నేను సంతకం పెడతాను. ఒక్కసారి బయటి నిపుణుడికి చూపిద్దాం" అన్నాడట. ఢిల్లీ నుంచి ఒక పెద్దాయనను పిలిచారు. ఆయనకు కుదిరిన రోజు అక్టోబరు ఆఖరి శనివారం.

మధ్యాహ్నం రెండింటికి సమావేశం. కిటికీలోంచి హైవే కనిపించే మూడో అంతస్తు గది. బుచ్చిరాములు అదే తెల్లచొక్కాలో వచ్చాడు. నేను గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. పెద్దాయన ఒక కొత్త మాన్యువల్ పేజీ ముందుకు జరిపారు. రాజశ్రీ గారు నవ్వుతూ, "చదవండి బుచ్చిరాములు గారూ" అన్నారు.

అతను గొంతు సవరించుకుని చైనా భాషలో చదివాడు. మూడు నెలలు నేర్చుకున్నదంతా పెట్టి, ఒక్కొక్క అక్షరం ఎత్తుతూ దించుతూ. రెండో వాక్యానికి చెమట పట్టింది. హృషికేశ్ తల వంచుకున్నాడు. అందులో సగం స్వరాలు తప్పని అతని మెడ చూస్తేనే నాకు తెలిసింది.

"కాదు కాదు" అన్నారు రాజశ్రీ గారు మృదువుగా. "అలా అక్కర్లేదు. మీరు ముందు చదివేవారు చూడండి, తెలుగులో. అలా చదవండి. మాకు కావలసింది అదే."

అతను ఆవిడ వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. మూడు నెలలు కూర్చోబెట్టింది దేనికని ఆ చూపులో ఉందని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు మాత్రం ధైర్యం చెప్పమంటున్నాడనుకుని తల ఊపాను. అతను పేజీ మీద వేలు పెట్టాడు. "నూనె..." అన్నాడు. పెదవులు ఏదో పలికాయి. "నూనె... జర ఆగుండ్రి మేడం." మళ్లీ మొదటికొచ్చాడు. రెండు నిమిషాలై ఉంటుంది, నాకు చాలాసేపనిపించింది.

"మేడం" అన్నాడు చివరికి, వేలు తీసేసి. "మీరు పాతది అడుగుతున్నరు. గది నా తాన లేదిప్పుడు. కొత్తది ఇంక రాలె."

"పరవాలేదు, కంగారు పడ్డారు. టీ తాగండి" అన్నారు ఆవిడ.

టీ వచ్చింది. ఢిల్లీ పెద్దాయన ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయనకు నిరాశ కలగలేదు సరికదా, కళ్లు మెరుస్తున్నాయి. శబ్దం వచ్చి చేరగానే అర్థం ఎందుకు జారిపోయింది? ఇది చాలా అరుదైన సంగతి, జాగ్రత్తగా నమోదు చేయాలి, ఆర్నెల్లకోసారి పరీక్షించాలి అన్నారు. "అయితే ఇది భాషాశాస్త్రం కిందికి వస్తుందా?" అని హృషికేశ్. "మెదడు సంగతి కదా, ఇంకో శాఖను కలపాలేమో" అని విజయభాస్కర్. "ముందు వ్యాసం ఎవరి పేర రావాలో అనుకుందాం" అని రాజశ్రీ గారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఇంతకాలానికి ఆ బల్ల చుట్టూ అందరికీ ఒకేదాని మీద ఆసక్తి కలిగింది, ఆ సంతోషంలో ఉన్నారు.

బుచ్చిరాములు గ్లాసు పట్టుకుని అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలియదు. మధ్యలో నేను కల్పించుకుని, "అమ్మా, ఉద్యోగం సంగతి?" అన్నాను.

"అది వచ్చే సమావేశంలో పెడదాం గోపాలరావు గారూ. ఇప్పుడు బోధకుడిగా తీసుకుంటే పరిశోధనకు అడ్డం రావచ్చు. చూడాలి" అన్నారు. ఆ మాట తెలుగులోనే అన్నారు.

పెద్దాయన నన్నేదో అడిగారు, ఇతన్ని మొదట చూసింది ఎప్పుడు, ఎక్కడ అని. నేను పాత కాగితాల దుకాణం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన రాసుకుంటున్నారు. నాకు తెలియకుండానే వివరంగా చెబుతున్నాను, మాన్యువల్ మీది నూనె మరకలతో సహా. చెప్పి ఇటు తిరిగేసరికి బుచ్చిరాములు కుర్చీ ఖాళీగా ఉంది. సగం తాగిన టీగ్లాసు బల్ల మీద ఉంది. బాత్రూముకు వెళ్లాడనుకున్నాను. గుమ్మం బయటికి వచ్చి చూస్తే చెప్పులు లేవు.

వరండా కిటికీలోంచి కిందికి చూశాను. అతను అప్పటికే గేటు దాటాడు. నాచారం వెళ్లాలంటే రోడ్డు దాటి అవతలి స్టాపులో నిలబడాలి. అతను దాటలేదు. ఇవతలే, ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్ వైపు వెళ్లే బస్సులాగేచోట నిలబడ్డాడు. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. పేర్లు రాసుకోవడానికి సేఠు బీబీనగర్ షెడ్డులో ఆరింటిదాకా ఉంటాడని పొద్దున అతనే చెప్పాడు.

లోపలినుంచి రాజశ్రీ గారు, "బుచ్చిరాములు గారిని పిలుస్తారా? ఒక ఫోటో తీసుకుందాం" అంటున్నారు.

బస్సు వచ్చింది. జనం బాగా ఉన్నారు. అతను వెనక తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని పైకెక్కాడు, తల తిప్పలేదు. బస్సు కదిలింది.